రెండు జిల్లాల డ్రమ్ము

మక్తల్,
జూలై 2023

తమ్ముడు ఏసోబుకు,

బషీర్ దువాలు. ఈ ఉత్తరం రాయకుండా తప్పించుకుందామనే చూశాను. నీ కార్డు వచ్చిన నాడే దాన్ని గోడ గడియారం వెనక దోపేసి, వస్తూ పోతూ అటు చూడకుండా తిరుగుతున్నాను. నిన్న గడియారం ఆగింది. బ్యాటరీ మార్చుదామని దించితే నీ కార్డు నా కాళ్ల మీద పడింది. ఇక లాభం లేదని కలం పట్టాను.

నువ్వు సూటిగానే అడిగావు. "భాయ్, నీ తాన ఉన్న పెద్ద డ్రమ్ము మా భాగ్యశ్రీకి కావాలె. ఇస్తవా?" అంతే. నీ అంత సూటిగా జవాబు చెప్పడం నాకు రాదు. నువ్వు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసినవాడివి, ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి తీగ లాగినట్టు మాట లాగుతావు. నేను రేడియోలు బాగుచేసినవాడిని. మూత తీస్తే లోపలున్నవన్నీ ఒకసారి చూడందే ఊరుకోను.

నీ మనవరాలికి ఆ డ్రమ్ము సంగతి మొత్తం చెప్పావో లేదో. చెప్పకపోతే ఈ కిందిది చదివి వినిపించు.

బిడ్డా భాగ్యశ్రీ, సికింద్రాబాదులో గడియార స్తంభం దగ్గర ఒక ఇరానీ హోటలు ఉండేది. మేడ మీద సాయంత్రాలు బ్యాండు. డ్రమ్ సెట్టు ఒకటే, డ్రమ్మర్లం ఇద్దరం. చాయ్ తాగేవాళ్లున్నంతసేపు నేను, భోజనాల వాళ్లు వచ్చాక మీ తాత. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి గిటారు వాయించడానికి వచ్చే ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి ఇంగ్లండు రికార్డులు తెచ్చి వినిపించేవాడు. నేను పెళ్లి బారాతుల్లో చేతులతో మర్ఫా డోలు వాయించే ఇంటి నుంచి వచ్చాను, మీ తాత డప్పు వాయించే ఇంటి నుంచి. ఆ రికార్డులు విని ఇద్దరం అనుకున్నది ఒకటే: వీళ్లు మనవాళ్లే, కాకపోతే కూర్చుని వాయిస్తున్నారు.

హోటలు మూతపడిన రోజు సేటు ఆ సెట్టును మా ఇద్దరికీ వదిలేశాడు. గౌలిగూడ బస్టాండులో ఒక దిక్కు మక్తల్ బస్సు, ఒక దిక్కు నల్లగొండ బస్సు గుర్రుమంటుండగా పంపకం పెట్టుకున్నాం. కాలితో వాయించేది నాకు, చేత్తో వాయించేవి మీ తాతకు. అట్లా పెద్ద డ్రమ్ము, దాని పెడలు నాకు వచ్చాయి. చిన్న డ్రమ్ములు ఆయన తీసుకున్నాడు. హై-హాట్ దగ్గర కొట్లాట మొదలైంది. రెండు ఇత్తడి పళ్లేలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కదా, కాలితో మూస్తూ చేత్తో కొడతాం. మరి అది కాలిదా, చేతిదా? కండక్టర్లు ఇద్దరూ తిట్టడం మొదలుపెట్టాక చెరో పళ్లెం చంకన పెట్టుకుని బస్సులెక్కేశాం. నా పళ్లెం, మా ఇంటామె గులాబ్‌బీ బతికి ఉన్నన్నాళ్లూ, సాలన్ గిన్నె మీద మూతగా పనిచేసింది.

ఏసోబూ, ఇక అసలు సంగతి. డ్రమ్ము ఊరికే ఇవ్వను. నువ్వూ నేనూ అప్పటి నుంచీ తేల్చకుండా ఉంచిన తగాదా ఒకటుంది: రాక్ డ్రమ్మర్లలో మొదటివాడు ఎవరు? నువ్వు ఐదుగురి పేర్లు రాయి, ఎందుకో చెప్పు. నేనూ రాస్తాను. నీ మొదటివాడు నా మొదటివాడిని కిందికి దించితే డ్రమ్ము నీ మనవరాలిది. దించకపోతే ఇక అడగొద్దు. తీర్పు నాదే, డ్రమ్ము నా ఇంట్లో ఉంది కాబట్టి.

నా ఐదోవాడు రిక్ ఆలెన్. కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోతే, ఆ చెయ్యి చేసే పనిని కాలికి నేర్పాడు. నాలుగోవాడు జింజర్ బేకర్, పెద్ద డ్రమ్ములు రెండు పెట్టుకున్నవాడు. నాకు ఒకటి ఇవ్వడానికే ప్రాణం పోతోంది, చూడు. మిగతావాళ్లకు ఈ కాగితం చాలదు.

ఫోన్ చేయొద్దు. ఫోన్లో నీ మాట గోనెసంచిలో కట్టినట్టు వస్తుంది.

బషీర్

*

కట్టంగూర్,
ఆగస్టు

బషీర్ భాయ్‌కి,

ఏసోబు వందనాలు. నీ ఉత్తరం భాగ్యశ్రీకి చదివి వినిపించాను. కూర్చుని వాయించేవాళ్ల మాట దగ్గర నవ్వింది. పంపకం దగ్గర నవ్వలేదు. "ఒక్క సెట్టును రెండు జిల్లాలకు పంచినోళ్లు మీరే ఉంటరు తాతా" అన్నది.

ఆ పిల్లకు డ్రమ్ము ఎందుకు అవసరం పడిందో కార్డులో రాయలేదు. సిగ్గనిపించి రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మా చర్చిలో కొత్త డ్రమ్ సెట్టు ఉండేది. ఆదివారాలు భాగ్యశ్రీయే వాయించేది. జూన్‌లో ముసురు పట్టింది. ఆరాధనకు ముందు పెద్ద డ్రమ్మును తట్టి చూస్తే తడిసిన మూటను కొట్టినట్టు పలికింది. నా చేతులు నన్ను అడగలేదు భాయ్. చర్చి వెనక ఇంత వరిగడ్డి ముట్టించి డ్రమ్మును మంటకు చూపించాయి. చిన్ననాటి నుంచి డప్పును అట్లా కాపి బిగువెక్కించిన చేతులు. ఇది తోలు కాదు, ప్లాస్టిక్ అన్నది వాటికి గుర్తులేదు. అది అప్పడం లాగా పొంగి, నల్లబడి, ముడుచుకుంది. అంచు చెక్క కూడా అంటుకుంది. లోపల కీర్తన ఎత్తుకున్నారు, బయట నేను బిందె కోసం ఉరుకుతున్నాను.

సంఘంలో పెద్ద మనిషి అమృతమ్మ వచ్చి చూసి, "ఏసోబన్నా, ఇన్నేండ్లు కరెంటుతోటి బతికినోనివి, నిప్పుతోటి నీకేం పనే?" అన్నది. అందరూ నవ్వారు. కానీ ఆ వారమే సెట్టును గదిలో పెట్టి తాళం వేశారు. మా ఇంటివాళ్ల చేతికి ఇక ఇవ్వరట. తప్పు నాది, శిక్ష పిల్లకు.

ఆ పిల్లకు ఇప్పుడే సెట్టు కావాలి. హైదరాబాదులో ముగ్గురు ఆడపిల్లలు రాక్ బ్యాండు పెట్టుకున్నారు. వాళ్లకు డ్రమ్మరు లేదు. జనవరిలో వచ్చి వాయించి చూపించమన్నారు. నచ్చితే తీసుకుంటారు. నా దగ్గరున్న సగం సెట్టుతో చేతులు ఆడుతున్నాయి, కాలికి పని లేదు.

నా ఐదుగురు ఇదిగో. ఐదో జాగా కీత్ మూన్. ఊరేగింపు ముందు ఒళ్లు మరిచి ఎగిరేవాడి లాంటి మనిషి. టీవీ వాళ్ల ముందు డ్రమ్ములో మందుగుండు పెట్టి పేల్చాడు, లోకమంతా మెచ్చుకుంది. నేను ప్లాస్టిక్ కాల్చినందుకు ఊరంతా ఇట్లా. నాలుగు నీ జింజర్ బేకర్, సంతోషించు. మూడు, హోటలు రోజుల నుంచీ నువ్వు ఒకటో జాగాలో కూర్చోబెట్టే నీ బోనమ్. బలం ఉంది, చప్పుడు ఎక్కువ. రెండు రింగో. ఎడమచేతి వాటం మనిషి కుడిచేతి వాళ్ల సెట్టు ముందు కూర్చున్నాడు, అందుకే అతని దెబ్బ మనం చూస్తున్న దిక్కు నుంచి రాదు.

ఒకటి చార్లీ వాట్స్. కోటు వేసుకుని, ఆఫీసులో ఫైలు చూస్తున్నట్టు కూర్చుంటాడు. ఎడమ చెయ్యి డ్రమ్ము మీద పడేటప్పుడు కుడి చెయ్యి హై-హాట్ మీది నుంచి లేస్తుంది. అందరూ రెండూ కలిపి కొడతారు, అతను ఒకటి మానేస్తాడు. ఆ మానేసిన చోట పాటకు ఊపిరి ఆడుతుంది. డప్పులో మా నాయిన చెప్పింది కూడా అదే: "కొట్టుడు అందరికి వస్తది, ఆగుడు నేర్సుకో."

తీర్పు చెప్పు.

ఏసోబు

*

మక్తల్,
సెప్టెంబరు

ఏసోబూ,

అప్పడం దగ్గర నాకు నవ్వు ఆగలేదు. మా కోడలు నిషాత్ ఏమైందోనని వంటింట్లోంచి వచ్చింది. చదివి వినిపించాను. ఎంత నవ్విందో ఆమె భుజాలు చూస్తే తెలిసింది.

నిన్ను తిట్టను. అవి డప్పు ఇంటి చేతులు, వాటికి తెలిసిన పని అవి చేశాయి. కానీ 'చప్పుడు ఎక్కువ' అని ఒక్క ముక్కతో బోనమ్‌ను మూడో జాగాలో కూర్చోబెట్టావే, దానికి మాత్రం తిడతాను.

అతను వాళ్ల నాయిన దగ్గర వడ్రంగం చేసినవాడు. మేకు దింపడం చూశావు కదా. మొదటి దెబ్బ మేకును నిలబెడుతుంది, తర్వాతి దెబ్బ లోపలికి పంపుతుంది, ఆఖరు దెబ్బతో మేకు ఎక్కడుందో కనపడదు. అతని కాలు అట్లా పనిచేస్తుంది. ఒక్క పెడలు తొక్కుతుంటే విన్నవాళ్లు రెండు డ్రమ్ములున్నాయని అనుకున్నారు. మధ్యలో పుల్లలు పక్కన పడేసి వట్టి అరచేతులతో అందుకునేవాడు. అది మర్ఫా కాక మరేమిటి? మా అబ్బా ఉంటే అతన్ని పిలిచి చాయ్ పోయించేవాడు.

నా దుకాణం నడిచే రోజుల్లో ఒక రైతు రేడియో తెచ్చాడు. "సేటూ, గిది కన్నడం తప్ప మాట్లాడుత లేదు, జర తెలుగు నేర్పు" అన్నాడు. మాకు కర్ణాటక పక్కనే కదా, ముల్లు కొంచెం జరిగితే రాయచూరు పలుకుతుంది. ముల్లు తిప్పి తెలుగు పట్టించి ఇచ్చాను. ఆయన సంతోషంగా పోయాడు. తర్వాత నాకు తోచింది ఏమంటే, ఏ స్టేషను పెట్టినా, ఏ భాష పలికినా, కింద ఒక గుర్రుమనే శబ్దం ఉంటుంది. అది మారదు. చేతులు వాయించేది భాష అయితే, కాలు వాయించేది ఆ కింది శబ్దం. అందుకని నా లెక్కలో కాలిదే పైచెయ్యి.

పెద్ద డ్రమ్ము నా గదిలో కిటికీ పక్క మూలన ఉంది. దాని ప్లాస్టిక్ ఎప్పుడో పగిలితే మేకతోలు బిగించాను. మధ్యాహ్నాలు దాని పక్కన కుర్చీ వేసుకుని అరచెయ్యి తోలు మీద పెట్టుకుని కూర్చుంటాను. రాయచూరు రోడ్డు మీద పత్తి లారీ పోతే ఒక తీరుగా అదురుతుంది, ఖాళీ లారీ పోతే ఇంకో తీరు. కృష్ణ దిక్కు నుంచి ఉరుము బయలుదేరితే మబ్బు కంటే ముందు డ్రమ్ముకు తెలుస్తుంది. నిషాత్ ఫోన్లో బోనమ్‌ను పెట్టి, ఫోనును తోలు మీద బోర్లిస్తుంది. అతని కాలు నా చేతిలోకి వస్తుంది. అట్లా కళ్లు మూసుకుంటే ఒక కునుకు పడుతుంది. మొన్న ఆ కునుకులో హోటలు మేడ కనపడింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బల్లల మీద కప్పులు ఉన్నాయి, మనుషులు లేరు. నువ్వు వాయిస్తున్నావు, నీ ముందు డ్రమ్ములు లేవు. అయినా నేల కింది నుంచి మెల్లగా మోత వస్తోంది, నీళ్లలో ఎవరో నడుస్తున్నట్టు. నేను కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నాను, నా వంతు ఎప్పుడు వస్తుందా అని.

బోనమ్ దిగడు. డ్రమ్ము ఇవ్వను. పిల్లకు మాత్రం ఇంకా లెక్క నడుస్తోందని చెప్పు.

బషీర్

*

కట్టంగూర్,
అక్టోబరు

బషీర్ భాయ్,

నువ్వు వద్దన్నా ఫోన్ చేశాను. నిషాత్ ఎత్తింది. నిన్ను పిలవమన్నాను. అప్పుడు చెప్పింది. "చాచా, మా మామకు వినరాక రెండేండ్లాయె. మిషను పెట్టినా రాలే. ఎవ్వరికి చెప్పొద్దన్నడు. డ్రమ్ము మీద చెయ్యి పెట్టుకోని కూసుంటడు, గదే ఆయన వినుడు."

నువ్వు అన్నీ ఉత్తరంలోనే రాశావు. ఆమె భుజాలు చూసి నవ్వు తెలిసిందన్నావు. ఫోనును తోలు మీద బోర్లించారన్నావు. నేను చదివి కూడా చదవలేదు.

నాకు కోపంగా ఉంది భాయ్. ఒక్క స్టూలు మీద వంతులేసుకుని కూర్చున్నవాళ్లం. నాకు చెప్పకుండా ఉంచేంత పరాయివాణ్నా? నా మనవరాలి కాలి కింద పెట్టడానికి నేను నీ చెవిని అడిగానన్నమాట.

డ్రమ్ము వద్దు. నీ దగ్గరే ఉండనీ. భాగ్యశ్రీకి చెప్పాను, సరేనన్నది. బియ్యం పోసే రేకు డబ్బాను ఖాళీ చేసి, గోడకు ఆనించి కాలితో తన్నుతూ నేర్చుకుంటున్నది. పక్కింటివాళ్లు రెండుసార్లు వచ్చిపోయారు.

నా లెక్క కూడా మార్చాను. ఒకటి బోనమ్. రెండు చార్లీ వాట్స్. నువ్వు గెలిచావు. ఈ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

ఏసోబు

*

మక్తల్,
నవంబరు

ఏసోబుకు,

నీ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టబోయాను. మాది గ్యాసు పొయ్యి, దాంట్లో కాగితం పెట్టడానికి జాగా లేదు. కాబట్టి జవాబు రాస్తున్నాను.

చెప్పలేదు, నిజమే. చెబితే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. చేసి చూపించావు కదా. ఇన్నేళ్లు చార్లీ వాట్స్ కోసం నాతో గొంతు చించుకుని పోట్లాడి, నా చెవుల కోసం అతన్ని ఒక్క పూటలో రెండో జాగాకు తోసేస్తావా? అతనేం పాపం చేశాడు? జాలి పడాలంటే నా మీద పడు, కాయగూరలు పంపు, మందులు పంపు. లెక్కలో వేలు పెట్టకు.

నా వినికిడి, పెళ్లి భోజనాలయ్యాక చుట్టాలు పోయినట్టు పోయింది. ముందు పిట్టలు పోయాయి. తర్వాత కుక్కర్ విజిలు, నిషాత్ గాజులు. హై-హాట్ ఎప్పుడు పోయిందో చూసుకోనే లేదు. ఆ తర్వాత మనుషుల మాటలు, ఒక్కొక్కరివే. అందరూ పోయాక పెద్ద డ్రమ్ము ఒక్కటే మిగిలింది, గిన్నెలు కడిగించి పోయే చుట్టం లాగా. నాకు ఫికర్ లేదని అనను. కానీ ఇల్లు ఇంత నిమ్మళంగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. కొన్ని పూటలు గది నిండా నీళ్లున్నట్టు, అందులో నేను తేలుతున్నట్టు ఉంటుంది. బాగానే ఉంటుంది.

నీ జాలి తప్పని రుజువు చేద్దామని మొన్న ఒక పని చేశాను. నిషాత్ ఫోన్లో మన డ్రమ్మర్లను వరసగా పెట్టించుకుని చూశాను. డ్రమ్ము మీద బోర్లించలేదు, ఎదురుగా పెట్టుకుని చూశాను, అంతే. శబ్దం లేదు కదా. కీత్ మూన్ తేనెటీగలు కుడుతుంటే తోలుకుంటున్నవాడిలా ఉన్నాడు. జింజర్ బేకర్ ఉతికిన గుడ్డలు దులుపుతున్నట్టు. రింగో నవ్వుతున్నాడు, బాగుంది. బోనమ్ బావి తవ్వుతున్నాడు. గొప్పగా తవ్వుతున్నాడు, కానీ నా చేతికి ఆ డ్రమ్ము లేకపోతే అతను బావి తవ్వే మనిషే.

తర్వాత చార్లీ వాట్స్ వచ్చాడు. ఏమీ చేయడం లేదు. ఎడమ చెయ్యి దిగినప్పుడల్లా కుడి చెయ్యి లేస్తోంది, ఇరుకు గల్లీలో ఎదురు వచ్చిన పెద్దమనిషికి పక్కకు జరిగి దారి ఇచ్చినట్టు. చూస్తూ చూస్తూ ఉంటే నా మడమ నేల మీద పడడం మొదలైంది. నిషాత్ నా కాలు చూసి, ఫోను చూసింది. తాళం తప్పలేదట. ఏసోబూ, ఆ లేచిన చేతిలో నాకు వినపడింది. శబ్దం లేని చోట కూడా డ్రమ్ము వాయిస్తున్నవాడు వాళ్లందరిలో అతనొక్కడే.

బోనమ్ దిగాడు. దించింది నువ్వు కాదు, నీ జాలి అసలే కాదు. షరతు పెట్టింది నేను కాబట్టి డ్రమ్ము భాగ్యశ్రీది. దయతో ఇస్తున్నానని ఆ పిల్లకు చెప్పావంటే మళ్లీ నీకు ఉత్తరం రాయను. ఓడిపోయి ఇస్తున్నాను.

లారీకి వేయను, నేనే తెస్తాను. సాలన్ పళ్లెం కూడా తెస్తాను. రేకు డబ్బాలో బియ్యం పోసుకోండి.

బషీర్

*

కట్టంగూర్,
డిసెంబరు

భాయ్,

చార్లీ వాట్స్‌ను మళ్లీ ఒకటో జాగాలో పెట్టాను. నన్ను తిట్టే హక్కు నీకుంది. రా. మంచం ఎండకు వేసి పెట్టాను. నా పళ్లేన్ని చింతపండుతో తోమాను.

భాగ్యశ్రీ ఈ చీటీ నా ఉత్తరంలో పెట్టమన్నది. నన్ను చదవనివ్వలేదు, కానీ చదివాను.

ఏసోబు

బషీర్ తాతకు,

మీ ఇద్దరి లిస్టులు చూసిన. గండ్ల ఒక్క ఆడమనిషి లేదు. నా లిస్టుల ఫస్టు మో టకర్. ఆమె కూసోని వాయించది, నిలవడి వాయిస్తది. పెద్ద డ్రమ్మును పండవెట్టి, మెత్త తలల పుల్లలతోటి మీ మర్ఫా లెక్కనే చేతులతోటి కొడ్తది. పెడలే లేదు. కాలిదా చేతిదా అని మీరు బస్టాండుల కొట్లాడినప్పుడు ఆమె గక్కడ ఉంటే పంపకమే అయితుండె కాదు.

గొప్ప డ్రమ్మరు ఎట్లుంటరని మా తాతను అడిగితే ఆగుడు అంటడు. మీరు కాలు అంటరు. నాకైతే, పక్కన వాయించేటోళ్లకు భయం లేకుండ జేసేటోళ్లే గొప్పోళ్లు. ఆమె వెనుక ఉంటే నేను గిటారు గూడ వాయిస్త అనిపిస్తది.

మీరు తెచ్చినంక నేను వాయిస్త. మీరు చెయ్యి పెట్టుర్రి. కాలు తప్పు వడితే చెప్పుర్రి.

భాగ్యశ్రీ

*

మక్తల్,
జనవరి 2024

తమ్ముడు ఏసోబుకు,

క్షేమంగా చేరాం. నిషాత్ తోడు లేకపోతే వచ్చేవాణ్నే కాదు, పోయేవాణ్నే కాదు.

నీ ఇంట్లో చెప్పడానికి వీలు కాలేదు, ప్రయాణం సంగతి ఇప్పుడు చెప్తాను. డ్రమ్మును బొంతలో చుట్టి పాలమూరులో నల్లగొండ బస్సు ఎక్కించాం. ఆడవాళ్లకు టికెట్ తీసేసినప్పటి నుంచి బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. కండక్టరు డ్రమ్మును చూసి దీనికి టికెట్ కొట్టాలన్నాడట. వెనక సీట్లో ఒకామె, "సారూ, గది ఆడదా మొగదా ముందుగాల జూడు. ఆడదైతే ఫ్రీ" అన్నదట. బస్సంతా నవ్విందట. ఇవన్నీ నిషాత్ నా చేతి మీద వేలితో రాసి చెప్పింది. నేను చూసింది మాత్రం నోళ్లు తెరిచి ఊగిపోతున్న మనుషులను, మధ్యలో బొంత కప్పుకుని పెళ్లికూతురిలా కూర్చున్న డ్రమ్మును. దేవరకొండ దాటాక అందరూ నిద్రపోయారు. ఎండలో గుట్టలు వెనక్కి జరుగుతున్నాయి. నా చెయ్యి బొంత లోపల తోలు మీద ఉంది. బస్సు ఇంజను, రోడ్డు, గుంతలు, అన్నీ అందులోకి వచ్చి పడుతున్నాయి. ఇంత పెద్ద పాట ఇంతకుముందు విన్నట్టు గుర్తులేదు. దిగబుద్ధి కాలేదు.

నీ తలుపు సంగతి నేను ఊహించలేదు. గౌలిగూడలో బస్సు తలుపులో పట్టిన డ్రమ్ము నీ ఇంటి తలుపులో పట్టకపోవడం ఏమిటి? నువ్వు ఒక పక్క నుంచి తోస్తూ, నేను ఇంకో పక్క నుంచి లాగుతూ ఉంటే, భాగ్యశ్రీ నీ పాత పనిముట్ల సంచి తెచ్చి తలుపు రెక్క ఊడదీసింది. మనకు తోచలేదు చూడు.

ఆ పిల్ల సెట్టు మొత్తం పేర్చి, నీ పళ్లెం కింద, నా పళ్లెం పైన బిగించింది. నీది తళతళ, నాది గులాబ్‌బీ సాలన్ మరకల పసుపు. కాలు తొక్కితే రెండూ కలిశాయి. నాకు ఏమీ వినపడలేదు. నీ కళ్లు మూసుకుపోవడం చూశాను. గౌలిగూడ నుంచి ఇంత దూరం వచ్చి అవి కలిసినప్పుడు ఎట్లా పలికాయో నీ మొహంలో చదువుకున్నాను. అబద్ధం చెప్పే మొహం కాదు నీది.

తర్వాత వాయించింది. నేను బండల మీద కూర్చుని, ఒక అరచెయ్యి డ్రమ్ము మీద, ఒకటి నేల మీద పెట్టాను. మొదట కాలు తడబడింది. బియ్యం డబ్బా మీద నేర్చుకున్న కాలు కదా, మేకతోలు తిరిగి తంతుందని తెలియదు. కాసేపటికి ఒకదానినొకటి ఎరుకపట్టుకున్నాయి. బండలు మెల్లగా అదిరాయి, నీళ్లలో ఎవరో నడుస్తున్నట్టు. నేను కలలో చూసిన నడక అదే. అయితే ఇప్పుడు నా వంతు కోసం నిలబడి లేను.

తల ఎత్తి చూస్తే, ఎడమ చెయ్యి దిగినప్పుడు ఆ పిల్ల కుడి చెయ్యి లేస్తోంది. నువ్వు నేర్పావా? నేర్పలేదని తల ఊపావు. సరే, అట్లాగే అనుకుందాం.

ఆగాక నా వైపు వంగి నెమ్మదిగా అడిగింది, నాకు పెదాల మీద తెలిసింది. "తాతా, కాలు సరిగ వడ్తాందా?"

"వడ్తాంది బిడ్డా" అన్నాను. గట్టిగానే అని ఉంటాను. బయట కోళ్లు పరుగెత్తాయి.

వచ్చే వారం హైదరాబాదులో ఆ ముగ్గురు పిల్లలు ఏమంటారో తెలియదు. సరేనంటే సెట్టు మొత్తం అటే పోతుంది, నీ చేతి డ్రమ్ములతో సహా. నీ ఇంట్లో కూడా ఒక మూల ఖాళీ అవుతుంది, తయారుగా ఉండు. నా మూల ఖాళీ అయింది. మధ్యాహ్నం చెయ్యి అలవాటుగా అక్కడికే పోయి గాలిలో ఆగుతోంది. దాన్ని చార్లీ వాట్స్ చెయ్యి అనుకుంటున్నాను. నిషాత్ తన కుట్టుమిషను అక్కడికి జరుపుతానంటోంది. తొక్కుడు మిషను కదా, బండలు ఏమన్నా అదురుతాయేమో చూస్తాను.

లెక్క చివరికి ఇట్లా రాసుకున్నాను: ఒకటి చార్లీ వాట్స్, రెండు బోనమ్, మూడు మో టకర్. నాలుగు, ఐదు నీ ఇష్టం, నేను పోట్లాడను.

ఇంకొకటి. తలుపు విప్పేటప్పుడు భాగ్యశ్రీ "గివి జర పట్టుకో తాతా" అని స్క్రూలు నా చేతిలో పెట్టింది. ఇవాళ లాల్చీ ఉతకడానికి వేస్తుంటే జేబులో దొరికాయి. అవన్నీ ఈ కవర్లోనే పెట్టాను. ఇవి అందేదాకా తలుపును గోడకు ఆనించి ఉంచండి, ఊళ్లో కుక్కలున్నాయి.

బషీర్

తా.క. కవరు అతికించే ముందు పోస్టాఫీసులోనే ఇది రాస్తున్నాను. కౌంటరులో ఉన్నామె కవరును తూకం వేసి, లోపల ఏమున్నాయని చేతితో సైగ చేసింది. స్క్రూలన్నాను. ఇంకో స్టాంపు అంటించమంది. అంటించాను.